లెక్కల సారు జవాబులు: మీ జీతం ఏ పద్దులో ఉంది?

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ "సర్కారు బడిలో పనిచేసే అందరికీ సర్కారు జీతం రాదు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. మీరు ఊరుకోనివ్వలేదు. ఉత్తరాలు, వాట్సాప్ ఫొటోలు, ఒకాయనైతే తన జీతం బిల్లు జిరాక్సే పంపాడు. అన్నిటికీ ఇక్కడ జాగా లేదు. అయిదింటికి రాస్తున్నాను. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను కస్తూర్బా విద్యాలయంల గణితం సీఆర్టీని, అంటే కాంట్రాక్టు టీచర్ను. ఎమ్మెస్సీ, బీఎడ్, టెట్ ఉన్నయి. జిల్లా మెరిట్ లిస్టుల పేరొచ్చి చేరిన, పదకొండేండ్లయింది. నెలకు 26 వేలు. మా పక్క హైస్కూల్ల లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్ నా క్లాస్‌మేటే. ఆమె జీతం నేనడగను, ఆమె చెప్పదు. పదో తరగతి ఇద్దరం చెప్తం, స్పాట్ వాల్యుయేషన్‌కు పేపర్లు దిద్దనీకి, ఇద్దరం పోతం. నైట్ డ్యూటీ మాత్రం నాకే. మమ్ముల రెగ్యులర్ చేస్తరా? చెయ్యకుంటే ఈ తేడాకు కారణమేందో అదన్న చెప్పండి.
— ఒక టీచర్, కొల్లాపూర్ దగ్గర

జవాబు: అమ్మా, మీ క్లాస్‌మేట్ చెప్పకపోతే నేను చెప్తాను. టీచర్ల స్కేళ్లు జీవోలో అచ్చయి ఉంటాయి, అదేం ఇంటి గుట్టు కాదు. 2020 పీఆర్సీ (జీతాల సవరణ సంఘం) స్కేళ్లలో స్కూల్ అసిస్టెంట్‌కు 42,300 నుంచి 1,15,270. అంటే డీఎస్సీలో ఎంపికై ఇవాళ పొద్దున చేరిన పిల్లకు కూడా మూలవేతనమే 42,300. మీ 26 వేలతో తేడా నెలకు 16,300, ఏడాదికి 1,95,600. డీఏ, ఇంటద్దె, ఏటా వచ్చే ఇంక్రిమెంటు, ఆరేండ్లకూ పన్నెండేండ్లకూ మారే స్కేళ్లు ఇందులో కలపలేదు. కలిపితే మీకు నైట్ డ్యూటీ లేని రోజు కూడా నిద్ర పట్టదు.

ఈ తేడాకు కారణం వెతకాలంటే బడికి కాదు, ట్రెజరీకి పోవాలి. ఆమె జీతం 010 పద్దులో వస్తుంది. ఖజానా లెక్కల్లో 010 అంటే జీతాలు. ఆ అంకె కింద పేరున్నవాళ్లకు పీఆర్సీ వస్తే పెరుగుతుంది, డీఏ వస్తే కలుస్తుంది, బడ్జెట్‌లో వాళ్లకోసం ఎవరూ కొత్తగా అడగాల్సిన పనిలేదు. మోడల్ స్కూళ్ల టీచర్లు రెగ్యులర్ పోస్టుల్లో ఉండి కూడా, గ్రాంట్ ఇన్ ఎయిడ్ (సాయం కింద ఇచ్చే సొమ్ము) పద్దు వద్దు మాకు 010 కావాలని అడిగింది ఇందుకే. బయటివాళ్లకు అది మూడంకెల గోల. లోపలివాళ్లకు అది ఒకటో తారీఖు.

మీ జీతం వచ్చేది సమగ్ర శిక్ష నుంచి. కస్తూర్బాలు 2004లో మొదలయ్యాయి, బడి మానేసిన ఆడపిల్లలను మళ్లీ చదివించడానికి, చదువులో వెనుకబడిన మండలాల్లో. మన పాలమూరు, నల్లగొండ ప్రాంతానికి ఇవి ఎంత అవసరమో వలసబోయే ఇండ్ల పిల్లలను అడిగితే తెలుస్తుంది. 2018లో సర్వశిక్షా అభియాన్‌ను, మాధ్యమిక శిక్షా అభియాన్‌ను, ఉపాధ్యాయ విద్య పథకాన్ని కలిపి సమగ్ర శిక్ష అన్నారు. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40. రాష్ట్రం ఏటేటా ప్లాను పంపితే ఢిల్లీలో ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు కూర్చుని ఇన్ని పోస్టులకు ఇంత అని ఒప్పుకుంటుంది. అంతకు మించి ఇవ్వాలనుకుంటే రాష్ట్రం తన జేబులోంచి తీయాలి. పథకం ఏడాదికేడాది నడుస్తుంది కాబట్టి మీ కాంట్రాక్టు బాండ్ పేపరు కూడా ఏడాదికేడాదే. మీ దగ్గర ఆరో తరగతిలో చేరిన పిల్ల మాత్రం ఏడాదికేడాది చదవదు, ఇంటర్ దాకా అక్కడే ఉంటుంది.

రెగ్యులర్ చేస్తారా అన్నదానికి నిజం చెప్తాను, మీకు నచ్చదు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, తాత్కాలికంగా ఎన్నేండ్లు పనిచేసినా పర్మినెంట్ కావడం హక్కు కాదని తేల్చింది. అయినా మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను రెగ్యులర్ చేశారు. అందులో జూనియర్ కాలేజీ లెక్చరర్లే ఎక్కువ. వాళ్లు మంజూరైన పోస్టుల్లో, 2014 జూన్ 2 నాటికే పనిలో ఉన్నవాళ్లు. దానికి ఆధారమైన 2016 నాటి జీవో 16ను, నియామకాల చట్టంలో అది చేర్చిన 10ఎ సెక్షన్‌ను 2024 నవంబరులో మన హైకోర్టు కొట్టేసింది. అప్పటికే రెగ్యులర్ అయినవాళ్లను మాత్రం కదపలేదు. ఆ తలుపు అట్లా సగం మూసుకుంది. పైగా మీ పోస్టు రాష్ట్రం మంజూరు చేసింది కాదు, పథకంలోది. ఏ సభలో ఎవరు ఏ మాట ఇచ్చినా ఈ రెండు అడ్డాలు దాటకుండా ఆ ఫైలు కదలదు.

నా దృష్టిలో మీరు పట్టుకోవాల్సిన తాడు వేరే ఉంది. రెగ్యులర్ కావడం ఒక కేసు, సమాన పనికి సమాన జీతం ఇంకో కేసు. ఈ రెండింటినీ ఒకే డిమాండ్ పేపర్లో కలిపేసి, మొదటిది కాదనగానే రెండోది కూడా పోయిందనుకుని ఇంటికి వచ్చేస్తున్నారు మనవాళ్లు. 2016 అక్టోబరు 26న పంజాబ్ ప్రభుత్వం, జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, తాత్కాలిక ఉద్యోగి రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తుంటే ఆ పోస్టు స్కేలులో కనీస మొత్తం ఇవ్వాలి. ఇంక్రిమెంట్లు రావు, కనీస స్కేలు వస్తుంది. మీ లెక్కలో అది ఆ 42,300. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులోనూ ఇదే దారిలో తీర్పిచ్చింది. సభల్లో గురుర్బ్రహ్మ శ్లోకం చదివితే చాలదని కూడా అందులో అన్నది. ఆ వాక్యం ఫ్రేమ్ కట్టించి ప్రతి విద్యాశాఖ ఆఫీసులో పెట్టాలని నా ఆశ.

అయితే పని సమానమని నిరూపించే బరువు అడిగేవాళ్ల మీదే ఉంటుంది. అవతలి వకీలు అనబోయేవి కూడా నాకు తెలుసు. ఇది పథకం, శాశ్వతం కాదంటాడు. ఎంపిక పద్ధతి వేరంటాడు. మీ యజమాని ప్రభుత్వం కాదు, పథకం నడిపే సొసైటీ అంటాడు. రెండోదే గట్టిది. అందుకే మీ నోటిఫికేషన్, మెరిట్ లిస్టు, రోస్టర్ నంబరున్న నియామక పత్రం జాగ్రత్త చేసుకోండి. టైంటేబుల్, స్పాట్ వాల్యుయేషన్ ఆర్డర్లు, నైట్ డ్యూటీ రిజిస్టర్ నకళ్లు, ఏటేటా రాసిన బాండ్లు వీటికి తోడు. ఇంకోటుంది. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు, కస్తూర్బాల్లో పాఠాలు ఆగకుండా జిల్లా పరిషత్ టీచర్లను డిప్యుటేషన్ మీద పంపారు. ఆ ఆర్డర్ కాపీ దొరికితే బంగారం. మీ పని వాళ్లు, వాళ్ల పని మీరు చేయగలరని ప్రభుత్వమే సంతకం పెట్టి ఒప్పుకున్న కాగితం అది. సమ్మెలో అంతమంది టెంట్ల కింద కూర్చున్నారు కదా, ఆ కాగితం ఎంతమంది దాచుకున్నారో నాకు అనుమానమే.

ఒక్క సంగతి. గెలిచినా పాత బకాయి సాధారణంగా కేసు వేసిన తేదీకి ముందు మూడేండ్లకు మించి ఇవ్వరు. ఇప్పటికే ఎనిమిదేండ్లది పోయింది. వేస్తే నలుగురు కలిసి వేయండి, ఖర్చు తగ్గుతుంది, ధైర్యం పెరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మ ప్రైమరీ బడిల వంట చేస్తది. 40 మంది పిల్లలు. అమ్మకు, ఇంకో చిన్నమ్మకు నెలకు చెరి 3 వేలు, అది కూడ రెండు మూడు నెలలకోసారి. కిరాణం షాపులో ఉద్దెర 14 వేలు దాటింది. షాపాయన బడి ముందుకొచ్చి అడుగుతుండు. అమ్మను మానేయమంటే "పిల్లలకు ఎవరు పెడ్తరు" అంటది. మీరన్న చెప్పండి సార్.
— డిగ్రీ విద్యార్థి, మక్తల్ మండలం

జవాబు: మానేయమని నేను చెప్పను నాయనా. మీ అమ్మ మాట మీరే కాదన్లేనప్పుడు నేనెవరిని? లెక్క మాత్రం చెప్తాను, షాపాయనకు కూడా చూపించండి.

బియ్యం సర్కారు ఇస్తుంది, అది వేరు. మిగతా సరుకులకు ప్రైమరీ పిల్లవాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు, 2025 మే నుంచి. అంతకుముందు 6.19. నలభై మంది తింటే 271 రూపాయల 20 పైసలు. ఇందులో నిబంధన ప్రకారం పిల్లవాడికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. నలభై మందికి 800 గ్రాముల పప్పు, 2 కిలోల కూరగాయలు, 200 గ్రాముల నూనె. కందిపప్పు కిలో 130 అనుకుంటే 104, కూరగాయలు కిలో 40 అనుకుంటే 80, నూనెకు 30. మొత్తం 214. మిగిలిన 57 రూపాయల్లో చింతపండు, ఉప్పు, కారం, పోపు, గ్యాసో కట్టెలో. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. టమాట కిలో 80 అయిన వారం ఆ కాగితం మీ అమ్మ చేతిలో చినిగిపోతుంది. గుడ్డు పైసలు వేరే ఇస్తారు, కానీ చలికాలంలో గుడ్డు ధర ఎట్లుంటుందో మీకు నేను చెప్పాలా?

రేటు కంటే నాకు మండేది ఆలస్యం. రేటు తక్కువైనా నెలనెలా వస్తే ఉద్దెర పెరగదు. మూడు నెలల బిల్లు ఆగిందంటే ఆ మూడు నెలలూ ప్రభుత్వ పథకానికి అప్పు ఇచ్చింది ఎవరు? మక్తల్ కిరాణం షాపు, మీ అమ్మ మాట పూచీ మీద. దేశంలో ఇంత పెద్ద పథకానికి పెట్టుబడి పెడుతున్నది చేతిలో పాసుబుక్కు తప్ప ఏమీ లేని ఆడవాళ్లు.

ఇక ఆ 3 వేలు. కేంద్రం వంట మనిషికి నెలకు 1,000 అని 2009లో పెట్టింది, ఏడాదికి పది నెలలు. అందులోనూ 600 కేంద్రానిది, 400 రాష్ట్రానిది. ఆ వెయ్యి ఇప్పటికీ వెయ్యే. తెలంగాణ 2023లో తన తరఫున 2,000 కలిపి 3 వేలు చేసింది. నెలకు 24 పనిదినాలు అనుకుంటే రోజుకు 125 రూపాయలు. అదే మీ ఊళ్లో ఉపాధి హామీ పనికి 2025-26లో రోజు కూలి 307. తట్ట మోసినా 307, నలభై మందికి వండి, వడ్డించి, గిన్నెలు తోమితే 125. 2020 డిసెంబరులో అలహాబాదు హైకోర్టు, వంటమనిషికి నెలకు వెయ్యి ఇవ్వడం వెట్టిచాకిరీ అని, రాజ్యాంగం 23వ అధికరణకు విరుద్ధమని, కనీస వేతనం ఇవ్వాలని చెప్పింది. అది ఉత్తరప్రదేశ్ కేసు. మన దగ్గర ఎవరైనా కేసు వేస్తే చూపించుకోవడానికి పనికొస్తుంది.

మీరు ఇవాళ చేయగలిగింది ఒకటుంది. బడిలో రోజూ ఎంతమంది తిన్నారో రాసే రిజిస్టర్, హెడ్‌మాస్టర్ ఏ తేదీన బిల్లు పంపారో ఆ నకలు తీసుకోండి. బిల్లు బడిలో ఆగిందా, మండల ఆఫీసులో ఆగిందా, ట్రెజరీలో ఆగిందా తెలియకుండా ఎవరిని తిట్టినా లాభం లేదు. ఎక్కడ ఆగిందో తెలిశాక సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. డిగ్రీ చదువుతున్నారు కదా, మీ చదువు ముందు అమ్మకు అక్కరకు రానీ.

ప్రశ్న: జూనియర్ కాలేజీ గెస్ట్ లెక్చరర్‌ను. పీరియడుకు 390. దసరా నెలలో 17 వేలు వచ్చాయి. యూజీసీ ప్రకారం 1,500 ఇవ్వాలి కదా?
— గద్వాల

జవాబు: ఇవ్వనక్కరలేదు. యూజీసీ 2019లో చెప్పిన పీరియడుకు 1,500, నెలకు గరిష్ఠంగా 50 వేలు అన్నది విశ్వవిద్యాలయాలకు, డిగ్రీ స్థాయి కాలేజీలకు. ఇంటర్ దాని కిందికి రాదు. మీ అర్జీలో ఆ వాక్యం తీసేయండి, దాన్ని చూపించి మిగతాదంతా పక్కన పడేస్తారు.

మీ లెక్క వేరే విధంగా అడగండి. నెలకు 72 పీరియడ్లు మించొద్దన్నారు, అంటే ఎంత చెప్పినా 28,080 దాటదు. రెగ్యులర్ జూనియర్ లెక్చరర్‌కు మొదటి మూలవేతనం 54,220. 45 పీరియడ్లే నడిచిన నెలలో మీకు 17,550. సెలవులు సర్కారు ఇస్తుంది, కోత మీకు పడుతుంది. పేపర్లు దిద్దిన గంట, పరీక్షల హాల్లో నిలబడ్డ గంట పీరియడు కాదు కాబట్టి లెక్కలోకే రావు. పై జవాబులో కస్తూర్బా టీచరుకు చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి గానీ, మీకు ఏడాది బాండు కూడా లేదు, అందుకే మీ దారి ఆమెకంటే ఇరుకు.

ప్రశ్న: మీ కాలమ్ ఎప్పుడూ సర్కారు వాళ్ల గోసే. నేను మిర్యాలగూడలో ప్రైవేట్ స్కూల్లో తొమ్మిదేండ్లుగా సోషల్ చెప్తున్నా. నెలకు 13 వేలు, ఎండాకాలం రెండు నెలలు సున్న. లక్ష జీతం తీసుకునే సార్ల పిల్లలు మా స్కూల్లోనే చదువుతారు. వాళ్లకు పీఆర్సీలు ఎందుకు? ఆ పైసలు పెట్టి బడులు బాగుచేయొచ్చు కదా?
— కోపంగా ఉన్న ఒక టీచరు

జవాబు: తమ్ముడూ, కోపం సబబే, గురి తప్పింది.

2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో చదువుకు 23,108 కోట్లు, అంటే నూటికి ఏడున్నర. 2023 ఎన్నికలప్పుడు కాంగ్రెస్ నూటికి 15 ఇస్తామన్నది. దేశం ఆదాయంలో 6 శాతం చదువు మీద పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే చెప్పింది. నేను పుట్టి రెండేండ్లకు చెప్పిన మాట, నేను రిటైరైనా మాటగానే ఉంది. ఈ ఏడున్నరలో ఎక్కువ భాగం జీతాలకే పోతుంది, నిజమే. బడి అంటే ముఖ్యంగా మనుషులే కాబట్టి అట్లనే ఉంటుంది. జీతం కోస్తే ఆ పైసలు గోడలకు పోతాయని ఎందుకనుకుంటున్నారు? ఇంతవరకు కోసిన జీతాలు ఎటుపోయాయో చూడండి.

నేను ఎనభైల చివర్లో స్పెషల్ టీచరుగా చేరాను. నెలకు 398 రూపాయలు. అంకె సరిగ్గానే చదివారు. మా తరంలో అట్లా చేరినవాళ్లను ఇప్పటికీ 398 టీచర్లంటారు. తర్వాత స్కేలు వచ్చింది, కానీ ఆ 398 కాలాన్ని ఇంక్రిమెంట్ల లెక్కలో కలపమని సంఘాలు ఏండ్ల తరబడి కొట్లాడాయి. మా జీతం మిగిల్చినందుకు నేను చేరిన దేవరకొండ దిక్కు బడికి కొత్త గది రాలేదు, రేకుల కప్పు కూడా మారలేదు. మా వెనక విద్యా వలంటీర్లు వచ్చారు. తెలంగాణలో వాళ్లకు 12 వేలు. 2020లో కరోనాకు బడులు మూతపడ్డాక వాళ్లను మళ్లీ తీసుకోనే లేదు. ఇప్పుడు సీఆర్టీలు, గెస్ట్‌లు, పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్లు. ప్రతి తరంలో చవకగా దొరికే ఒక వరుస టీచర్లు ఉంటూనే ఉన్నారు, బడులు మాత్రం వాళ్ల మిగులుతో బాగుపడిన దాఖలా నేను చూడలేదు. సర్కారులోనే చదువుకున్నవాళ్లు ఇంత చవకగా దొరుకుతుంటే మీ యాజమాన్యం మీకు 13 వేల కంటే ఎక్కువ ఎందుకిస్తుంది? వాళ్ల జీతం తగ్గితే మీది ఇంకా తగ్గుతుంది.

లక్ష జీతం తీసుకుంటూ పిల్లలను ప్రైవేటుకు పంపే సార్ల మీద మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. నాకూ వాళ్లంటే చిరాకే.

మీ పని చూద్దాం. 1994 జనవరి 1న వచ్చిన జీవో 1 ఉంది, ప్రైవేట్ బడుల మీద. ఫీజుల రాబడిలో 50 శాతం సిబ్బంది జీతాలకు, ఇంకో 15 శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, బీమాకు పెట్టాలి. యాజమాన్యం తీసుకోవాల్సింది 5 శాతం. మీ స్కూల్లో 300 మంది, సగటు ఫీజు 25 వేలు అనుకుందాం. రాబడి 75 లక్షలు, జీతాల వాటా 37 లక్షల 50 వేలు. ఆయాలు, ఆఫీసు వాళ్లతో కలిపి 18 మంది అనుకున్నా సగటున మనిషికి ఏడాదికి 2,08,333. మీకు అందుతున్నది 1,30,000. మీ స్కూలు అంకెలు వేసి మీరే చేసుకోండి ఈ లెక్క.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. గ్రాట్యుటీ చట్టం టీచర్లకు కూడా వర్తిస్తుందని 2009లో పార్లమెంటు సవరణ తెచ్చింది, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ప్రైవేటు స్కూళ్లు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణనే నిలబెట్టింది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, అయిదేండ్లు నిండితే, ఏడాదికి పదిహేను రోజుల జీతం. నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణించాలి. మీ 13 వేలకు అది ఏడాదికి 7,500, తొమ్మిదేండ్లకు 67,500. ఎండాకాలం జీతం ఆపితే సర్వీసు తెగిపోయిందని చెప్తారు, నమ్మకండి. ఏడాదిలో 240 రోజులుంటే ఏడాది కిందే లెక్క. ఇప్పుడే అడగమని నేననను, అడిగితే జూన్‌లో రమ్మనరు. హాజరు రిజిస్టర్ ఫొటోలు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం పోగేసుకోండి. చేతికిచ్చే జీతమైతే ఏదో ఒక వంకతో ఖాతాలో వేయించుకోండి.

ప్రశ్న: సార్, నేను మా తండా బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అధ్యక్షురాలిని. పోయినేడు 33 మంది పిల్లలు ఉండె. ఇయ్యేడు 29. ఊడ్చేటామెకు ఇచ్చే పైసలు సగమైనయి. పిల్లలు నలుగురు తగ్గితే పని సగమైతదా?
— చందంపేట మండలం

జవాబు: కాదమ్మా. రెండు మరుగుదొడ్లు 33 మందికి కడిగినా 29 మందికి కడిగినా రెండే.

2024 ఆగస్టులో బడుల శుభ్రతకు మీ కమిటీల ద్వారా పైసలిచ్చే ఏర్పాటు చేశారు, అది మంచి పనే. అంతకుముందు కొన్నాళ్లు చాలా బడుల్లో పిల్లలే చీపుర్లు పట్టారు. కానీ మెట్లు ఇట్లా కట్టారు: 30 మంది దాకా నెలకు 3 వేలు, 31 నుంచి 100 దాకా 6 వేలు, 101 నుంచి 250 దాకా 8 వేలు. 99 మందికీ 6 వేలే, 31 మందికీ 6 వేలే, 30కి మాత్రం 3 వేలు. సమగ్ర శిక్ష నుంచి బడి ఖర్చులకు ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటుకు కూడా ఇదే గీత: 30 దాకా 10 వేలు, 31 నుంచి 100 దాకా 25 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు సామాను, చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే, పైగా అందులో పదో వంతు శుభ్రతకు తీయాలి. అంటే ఆ నలుగురు పిల్లలు పోయినందుకు మీ బడికి శుభ్రతలో పది నెలలకు 30 వేలు, గ్రాంటులో 15 వేలు, మొత్తం 45 వేలు తగ్గుతాయి. ఒక్కో పిల్లకు పదకొండు వేల పైన. చిన్న బడులున్నది తండాల్లో, చెంచు పెంటల్లో. గీత కూడా సరిగ్గా అక్కడే పడింది. ఒక్కో బడికి ఇంత అని అడుగు మొత్తం పెట్టి, దాని మీద పిల్లలను బట్టి పెంచితే ఈ బాధ ఉండదు. ఇది లెక్కల సారు ఉబలాటం అనుకోకండి, మీ కమిటీ తీర్మానంలో రాసి పంపదగ్గ మాట.

ఇంతలో మీరు చూడాల్సింది ఆ నలుగురు ఎవరన్నది. టీసీ తీసుకుని వేరే బడికి పోయారా, అమ్మానాన్నలతో హైదరాబాద్ పనులకు పోయారా? పనులకు పోయినవాళ్ల పేర్లు తొందరపడి కొట్టేయొద్దని హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి. అమ్మానాన్నలు వలసపోయినన్నాళ్లు పిల్లలను తండాలోనే ఉంచుకునేలా సీజనల్ హాస్టల్ అడగొచ్చు, సమగ్ర శిక్షలో దానికి వీలుంది. ఒకరిద్దరు తిరిగొచ్చినా బడిపిల్లల లెక్క రాసే యూడైస్‌లో ఎక్కించమనండి, వచ్చే ఏడు పైసలకు ఆ అంకెలే చూస్తారు. ఊడ్చే ఆమెకు ఈ లోపు రోజంతా పని చెప్పకండి. 3 వేలకు పొద్దున ఒక పూట చాలు. మొక్కలకు నీళ్ల సంగతి కమిటీ వాళ్లు వంతులేసుకోండి.